ఫ్లమెంకో వ్యాసంలో పాడేవారికి చోటేదీ?

సంపాదకులకు,

నమస్కారం. ఆదివారం అనుబంధంలో స్పెయిన్ దేశపు ఫ్లమెంకో కళ మీద మీరు వేసిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తెలుగు పత్రిక ఇటువంటి విషయానికి రెండు పుటలు కేటాయించడం అరుదు కనుక ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ రెండు పుటలూ నర్తకుల బొమ్మలతో, గిటారు సంగతులతో నిండిపోయి, పాడే మనిషికి ఒక్క వాక్యమే మిగిలింది. గాయకులు జాతి దుఃఖాన్ని కేకగా బయటపెడతారని, అది నెత్తురులో ఉండే విద్య గనుక వారికి శిక్షణ అక్కరలేదని ఆ వాక్యం సారాంశం. నా అభ్యంతరం ఆ ఒక్క వాక్యం మీదనే. సంప్రదాయ ఫ్లమెంకో గాయకుల బతుకులో దుఃఖం లేదని నేను అనను. కాని వారిని గాయకులుగా నిలబెట్టింది పని, జ్ఞాపకశక్తి, లయ మీద పట్టు. సెవిల్ నగరానికి చెందిన గాయని పాస్తోరా పావోన్ జీవితం ఇందుకు నాకు తెలిసిన మంచి సాక్ష్యం.

ఫ్లమెంకోలో పాట ముందు పుట్టింది, గిటారూ నాట్యమూ దాని చుట్టూ పెరిగాయి. తోనా వంటి పాత రకాలను ఇప్పటికీ ఏ వాద్యమూ లేకుండానే పాడతారు. గాయకులు పాడే తీరు రెండు విధాలు. నర్తకి వెనక నిలబడి ఆమె అడుగుకు అనువుగా పాడటం ఒకటి. వేదిక ముందు భాగంలో కుర్చీ వేసుకుని, పక్కన గిటారు మాత్రమే ఉండగా, పాట కోసమే పాడటం రెండోది. పర్యాటకులకు ఎక్కువగా చూపించేది మొదటి తీరు కాబట్టి, పాడేవారు నాట్యానికి తోడు వచ్చిన మనుషులేనన్న అభిప్రాయం బయటి దేశాలలో స్థిరపడింది. రసికులు చెవి ఒగ్గేది రెండో తీరుకు. అక్కడ గిటారు గాయకుడి వెంట నడుస్తుంది. గొంతు శ్రుతిని బట్టి గిటారు మెట్ల మీద బిగించే పట్టీని జరుపుకోవడం దగ్గర నుంచి, చరణం ఎక్కడ ముగుస్తుందో ఊపిరిని బట్టి పసిగట్టడం దాకా వాద్యకారుడి పనే.

ఇక శిక్షణ మాట. సోలెయా అనే రకం పన్నెండు మాత్రల ఆవర్తంలో నడుస్తుంది, ఊనికలు 3, 6, 8, 10, 12 మాత్రల మీద పడతాయి. సిగిరియా కూడా పన్నెండే అయినా ఊనికల విభజన వేరు, నడక కుంటుతున్నట్టు ఉంటుంది, కొత్తవారు లెక్క తప్పేది ఎక్కువగా దానిలోనే. ఈ ఆవర్తం పట్టుకోలేని గొంతు ఎంత గొప్పదైనా రసికులు దానిని లెక్కలోకి తీసుకోరు. మూడు నాలుగు పాదాల చిన్న చరణాలే సాహిత్యం. మన చాటుపద్యాల మాదిరిగా ఏ చరణానికి ఆ చరణం స్వతంత్రం, ఒకదానికీ మరొకదానికీ కథ కలవనవసరం లేదు. వందల చరణాల నుంచి ఆ క్షణానికి తగినదాన్ని గాయకుడే ఏరుకోవాలి. అంతటితోనూ అయిపోదు. ప్రతి రకంలోనూ బాణీలు ఉంటాయి, వాటిని కూర్చినవారి పేర్లతోనే చలామణి అవుతాయి. మెర్సే లా సెర్నేతా అనే గాయని సోలెయాలు, ఆంతోనియో చకోన్ మలగేన్యాలు అలాంటివి. ఫలానావారి బాణీ పాడుతున్నానంటే వినేవారిలో పెద్దలు దానిని గుర్తుపట్టగలగాలి, అదే సమయంలో పాడేవారి సొంత గొంతూ అందులో వినబడాలి. స్వరలిపి చూసి నేర్చుకునే పద్ధతి లేదు. ఇంట్లో, వీధిలో, పెళ్లిళ్లలో, పెద్దల పక్కన కూర్చుని విని పట్టుకోవలసిందే. ఇది శిక్షణ కాదనుకుంటే మన హరికథకులు గురువుగారి ఇంట్లో ఉండి నేర్చుకున్నదాన్నీ శిక్షణ అనకూడదు.

పాస్తోరా పావోన్ 1890 ఫిబ్రవరి 10న సెవిల్‌లో ఒక జిప్సీ కుటుంబంలో పుట్టారు. అన్న ఆర్తూరో, తమ్ముడు తొమాస్ ఇద్దరూ గాయకులే. ఎనిమిదేళ్ల ప్రాయంలో సెవిల్ వసంత జాతరలో అన్న పాడవలసిన చోట తాను పాడారని, అప్పటి నుంచి ఆమె పాట ఇంటికి ఆదాయమైందని చెబుతారు. చిన్నతనంలోనే మద్రిద్ వంటి దూర నగరాల కాఫీ హోటళ్లలో పాడటానికి వెళ్లవలసి వచ్చింది. ఆ కాలంలో ఫ్లమెంకో కళాకారులకు రోజువారీ కూలి దొరికే చోట్లు ఆ హోటళ్లే. చిన్న వేదిక, దాని మీద వరుసగా కుర్చీలు, ఎదురుగా తాగుతూ వినే జనం. టాంగోస్ అనే ఫ్లమెంకో రకంలో దువ్వెనల ప్రస్తావన ఉన్న ఒక చరణాన్ని తరచూ పాడినందువల్ల ‘నీన్యా దె లోస్ పెయినెస్’, అంటే దువ్వెనల పిల్ల, అనే పేరు ఆమెకు స్థిరపడిపోయింది. ఎనభై ఏళ్లకు దగ్గరపడే దాకా బతికిన మనిషిని లోకం చివరి దాకా పిల్లగానే పిలిచింది.

1910లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆమె తొలి గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు. చివరివి 1950 నాటివి. ఈ నలభై ఏళ్లలో ఆమె రికార్డు చేసిన పాటలు 258. ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టని పలకలవి. తెల్లవారే దాకా పాడుకునే సిగిరియాను మూడు నిమిషాలకు కుదించి, అందులోనూ ఆరంభపు ఆలాపన, చరణం, ముగింపు దెబ్బ తినకుండా చూసుకోవాలంటే ఏది వదలాలో తెలిసి ఉండాలి. రామోన్ మొంతోయా, నీన్యో రికార్దో, మెల్చోర్ దె మర్చేనా వంటి మేటి గిటారిస్టులు వేర్వేరు కాలాల్లో ఆమె పక్కన వాయించారు. సిగిరియా, సోలెయా, టాంగోస్, బులెరియా, పెతెనెరా, మలగేన్యా, ఈస్టరుకు ముందటి పవిత్ర వారంలో ఊరేగే విగ్రహాల ముందు పాడే సయెతా, ఇలా ఆమె ముట్టని రకం దాదాపు లేదు. ఉద్వేగమొక్కటే పెట్టుబడి అయిన మనిషి ఇన్ని రకాలలో, ఇన్నేళ్లపాటు, ఇంత నిలకడగా పాడగలగడం అసాధ్యమని నా అభిప్రాయం.

మీ వ్యాసకర్త అభిప్రాయానికి మూలం ఎక్కడుందో ఊహించగలను. కవి ఫెదెరికో గార్సియా లోర్కా 1933లో బ్యూనస్ ఐరిస్‌లో చేసిన ఒక ప్రసంగంలో పాస్తోరాను గురించి ఒక కథ చెప్పారు. కాదిస్ పట్టణంలో ఒక మద్యశాలలో ఆమె ఎంతో నేర్పుగా పాడారట. వినేవారిలో చలనం లేదు. చివరికి ఒక పొట్టి మనిషి మెల్లగా, పారిస్‌కు జై అన్నాడట. అంటే ఇక్కడ మాకు సొగసూ నేర్పూ అక్కరలేదు, మరేదో కావాలి అని ఎత్తిపొడుపు. (ఆంధ్రా పారిస్ అనిపించుకున్న ఊళ్లో ఉంటున్న నాకు ఆ ఎత్తిపొడుపు కాస్త గుచ్చుకుంటుంది, ఆ సంగతి అలా ఉంచుదాం.) ఆమె లేచి ఒక పెద్ద గ్లాసు ఘాటైన సారా ఒక్క గుక్కలో తాగి, గొంతు మండిపోతుండగా, స్వరం లేకుండా, ఊపిరి లేకుండా పాడి సభను కుదిపేశారట. కథ అద్భుతంగా ఉంది. కాని తరువాతి రచయితలు దానిలోంచి సారా గ్లాసును, చిరిగిన గొంతును మాత్రమే తీసుకుని, ఆ గొంతు చిరగడానికి ముందు అక్కడ ఏముందో మరిచిపోయారు. వదిలిపెట్టడానికి ముందు నేర్పు అనేది చేతిలో ఉండాలి కదా. అదే ప్రసంగంలో లోర్కా ఆమె ఊహాశక్తిని చిత్రకారుడు గోయాతో సమానమని అన్నారు. ఆ మాటను ఉదహరించేవారు తక్కువ.

నెత్తురులోనే ఉండే విద్య అన్న నమ్మకం 1922లో ఒక పెద్ద ప్రయోగానికి దారితీసింది. సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా, లోర్కా, మరికొందరు మిత్రులు కలిసి ఆ ఏడు జూన్ 13, 14 తేదీలలో గ్రనడాలోని అల్హంబ్రా కోటలో పాత పాటలకు పోటీ పెట్టారు. డబ్బు కోసం పాడేవారి వల్ల పాట చెడిపోయిందని, పల్లెల్లో ఎక్కడో అది ఇంకా కల్తీ లేకుండా ఉందని వారి భావన. అందుకే ఇరవై ఒక్క ఏళ్లు దాటిన వృత్తి గాయకులకు పోటీలో ప్రవేశం లేదు. అప్పటికి ముప్పై రెండేళ్ల పాస్తోరా ఉచ్చదశలో ఉన్నారు. ఆమె అక్కడికి వెళ్లారు, పోటీదారుగా కాదు. న్యాయనిర్ణేతల అధ్యక్షుడు ఆంతోనియో చకోన్, ఆయనా జీవితమంతా డబ్బుకు పాడినవారే. ఇక బహుమతులు ఎవరికి వచ్చాయి? ‘ఎల్ తెనాసాస్’ అనే వృద్ధుడికి, మనొలో ఒర్తేగా అనే పన్నెండేళ్ల కుర్రవాడికి. వృద్ధుడు పాడినది 19వ శతాబ్దపు మహా వృత్తి గాయకుడు సిల్వేరియో ఫ్రాంకొనెత్తి కాలం నాటి పాట. కుర్రవాడు తరతరాలుగా పాటతోనూ ఎద్దుల పోరుతోనూ బతికిన ఇంటి బిడ్డ, తరువాత మనొలో కరకోల్‌గా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. వృత్తివారిని గుమ్మం బయట నిలబెట్టినా వారి పాటే లోపలికి వచ్చి బహుమతి పట్టుకుపోయింది. ఫాయా ఉద్దేశం మంచిదే, ఆ పోటీ వల్ల పాటకు గౌరవం పెరిగిన మాటా నిజమే. కాని దానిని కాపాడుతూ వచ్చింది ఎవరో ఆయన సరిగా గుర్తించలేదు.

ఆ వృత్తి ఎలా సాగేదో చెబితే దుఃఖం ఎక్కడిదో తెలుస్తుంది. సెవిల్‌లోని అలమేదా దె ఎర్కులెస్ అనే విశాలమైన వీధిలో, చుట్టుపక్కల మద్యశాలల్లో, గాయకులూ గిటారిస్టులూ రాత్రంతా పిలుపు కోసం కాచుకుని ఉండేవారు. డబ్బున్న భూస్వామి పుత్రులు లోపలి గదిలో విందు పెట్టుకుని ఒకరినో ఇద్దరినో రప్పించేవారు. పాట తెల్లవారే దాకా సాగవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు, కూలి ఇచ్చేవారి ఉదారత మీద ఆధారపడి ఉండేది. పిలుపు రాని రాత్రి ఏమీ లేదు. హెరెస్‌కు చెందిన మాన్యుయెల్ తోర్రె, ఆ తరం సిగిరియా గాయకుల్లో శిఖరం వంటివారు, 1933లో సెవిల్‌లో కటిక పేదరికంలో కన్నుమూశారు. చేతికి వచ్చినది వేట కుక్కల మీద, పందెం కోళ్ల మీద, జేబు గడియారాల మీద పోసేవారని ప్రతీతి, కాబట్టి తప్పంతా భూస్వాములదే అనలేం. పాస్తోరా తమ్ముడు తొమాస్‌ది ఇంకో దారి. తాగిన ధనికుల ముందు పాడటం ఇష్టపడని ముభావి ఆయన. తనను అర్థం చేసుకునే పదిమంది మధ్య పాడేవారు, రికార్డులు చాలా తక్కువ ఇచ్చారు, 1952లో పోయారు. పాతకాలపు తోనాలు, సిగిరియాలు నేర్చుకునేవారికి ఆ కొద్ది రికార్డులే ఇప్పటికీ ప్రమాణం. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే పాట విని పెరిగిన ఇద్దరిలో ఒకరు 258 పాటలు రికార్డు చేసి దేశమంతా తిరిగారు, ఒకరు తలుపు మూసుకున్నారు. నెత్తురు ఇద్దరిదీ ఒకటే.

తిరగడం వల్ల పాస్తోరా మీద నింద కూడా పడింది. 1920ల నడుమ నుంచి ఫ్లమెంకోను ఎద్దుల పోరు మైదానాలలో, పెద్ద నాటకశాలలలో వేల జనం ముందు ప్రదర్శించడం మొదలైంది. సంగీత నాటకాలకు పన్ను తక్కువ కనుక నిర్వాహకులు ఈ ప్రదర్శనలకు ‘ఫ్లమెంకో ఒపెరా’ అని పేరు పెట్టారని చెబుతారు. తీపి గొంతులకు, ఫాందాంగో అనే రకపు పొడవైన పాటలకు గిరాకీ పెరిగింది, గంభీరమైన రకాలు వెనకబడ్డాయి. పాస్తోరా ఆ మైదానాలలోనూ పాడారు, జనం నోట నానే సినీ బాణీల వంటి పాటలను బులెరియా లయలోకి తిప్పి పాడారు. శుద్ధవాదులకు అది నచ్చలేదు. నాకు మాత్రం ఆమె గొప్పతనం తెలిసేది అక్కడే. దక్షిణ స్పెయిన్ ప్రాంతమైన అండలూసియా పల్లెల్లో జనం ఉయ్యాల ఊగుతూ పాడుకునే బాంబెరా అనే పాటను ఆమె ఫ్లమెంకో లయలో కూర్చి రికార్డు చేశారు. ఆ తరువాత అది ఒక రకంగా స్థిరపడింది, ఇవాళ సంప్రదాయంలో భాగంగానే నేర్పుతున్నారు. ఆమె పాడి ఉండకపోతే అది ఉయ్యాలల దగ్గరే ఆగిపోయేది.

స్త్రీగా ఆమె వృత్తిలో నిలదొక్కుకోవడం కూడా చిన్న సంగతి కాదు. ఆ కాలంలో రాత్రిళ్లు మగవారి ముందు పాడే ఆడవారికి సంఘంలో మర్యాద ఉండేది కాదు, కనుక పాట వచ్చిన ఎందరో ఇంటికే పరిమితమయ్యారు. హెరెస్‌లో ‘లా పిరిన్యాకా’ అని పేరుపడ్డ ఆనా బ్లాంకో భర్త బతికి ఉన్నంత కాలం బయట పాడలేదు, ఆయన పోయాక పెద్ద వయసులో పాడి పేరు తెచ్చుకున్నారు. మనసుపెట్టి పాడినప్పుడు నోట్లో నెత్తురు రుచి తగులుతుందని ఆమె అన్న మాట ఫ్లమెంకో మీద రాసే ప్రతివారూ ఉదహరిస్తారు. ఆమె పాడకుండా ఉండిపోయిన ఏళ్లను గురించి రాసేవారు తక్కువ. పాస్తోరా గాయకుడు పెపె పింటోను పెళ్లాడారు. భార్యాభర్తలు కలిసి బృందాలు నడిపారు. 1940లో గాయని కొంచా పికేర్ బృందంతో ‘కాదిస్ వీధులు’ ప్రదర్శనలో పాల్గొన్నారు, 1949లో తన సొంత ప్రదర్శన తరువాత దాదాపుగా విరమించారు. అటుపైన సెవిల్ నడిబొడ్డున భర్త నడిపిన బార్‌లో ఆమె సాయంత్రాలు గడిచేవి. యువ గాయకులు అక్కడికే వచ్చి కలిసేవారు.

మీ వ్యాసం ఫ్లమెంకోను భారతదేశపు పాటగా చెప్పిన తీరు మీద కూడా ఒక మాట. జిప్సీల భాష మన ఉత్తరాది భాషల కుటుంబానికి చెందినదని భాషా శాస్త్రం తేల్చింది. వారు 1425 నాటికి స్పెయిన్ చేరినట్లు ఆరగాన్ రాజు ఇచ్చిన అనుమతి పత్రం ఆధారం. 1749లో ఒకే ఆజ్ఞతో వేలమందిని నిర్బంధించిన ఘోరమూ చరిత్రే, ఆ బాధ చరణాల్లో వినబడుతుంది కూడా. కాని ఫ్లమెంకో పుట్టింది అండలూసియాలో, అక్కడి జానపద గేయాలూ జిప్సీల గొంతూ మరెన్నో పాయలూ కలిసిన చోట. సిల్వేరియో తండ్రి ఇటలీవారు, చకోన్ జిప్సీ కారు. స్పెయిన్‌లోనే ఇతర ప్రాంతాల జిప్సీలు ఫ్లమెంకో పాడకుండా బతికారు. మన రాజస్థాన్ నుంచి ఎగిరి వెళ్లి అక్కడ వాలినట్టు రాస్తే మనకు గర్వంగా ఉంటుందేమో, అండలూసియాలో తరాలపాటు దానిని తీర్చిదిద్దినవారికి మాత్రం అన్యాయం జరుగుతుంది.

సెవిల్ నగరం 1968లో అలమేదాలో పాస్తోరా విగ్రహం నెలకొల్పింది. చరణాలనూ బాణీలనూ జీవితమంతా మనసులో మోసిన ఆమెకు అప్పటికే జ్ఞాపకం సన్నగిల్లింది. మరుసటి ఏడాది అక్టోబరులో భర్త పోయారు, నవంబరు 26న ఆమె పోయారు. తరువాత 1990లలో అండలూసియా ప్రభుత్వం ఒక విశేషమైన పని చేసింది. కోటలకూ గుడులకూ ఇచ్చే వారసత్వ సంపద హోదాను ఆమె గొంతుకు, అంటే ఆ రికార్డులకు, ఇచ్చింది. 2010లో యునెస్కో ఫ్లమెంకోను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చిన వార్తను మీ వ్యాసం ప్రముఖంగా ఇచ్చింది గాని, అంతకు ముందే ఒక ప్రాంతీయ ప్రభుత్వం ఒక గాయని రికార్డులకు రక్షణ కల్పించిన సంగతి మనకు ఎక్కువ పనికివస్తుంది. పాస్తోరా రికార్డులు ఇస్తున్న ఆ దశాబ్దాలలోనే మన రంగస్థల నటుల పద్యాలూ గ్రామఫోన్ పలకల మీదకు ఎక్కాయి. వాటిలో చాలావరకు ఇవాళ విడివిడి సేకర్తల ఇళ్లలోనే ఉన్నాయి. వీలైతే మీ పత్రిక ఆ పలకల ఆచూకీ మీద ఒక వ్యాసం రాయించవలసిందని కోరుతున్నాను.

ఫ్లమెంకో మీద మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, ఈసారి కనీసం ఒక బొమ్మ కుర్చీలో కూర్చుని పాడే గాయనిది వేయండి. పాస్తోరా రికార్డులు అంతర్జాలంలో సులభంగానే దొరుకుతాయి. వినదలచిన పాఠకులకు నా సలహా ఏమిటంటే, సిగిరియాతో ఆరంభించకండి, గరగరలాడే పాత ధ్వనిలో అది మొదటిసారి వినేవారికి కొరుకుడు పడదు. టాంగోస్‌తో మొదలుపెట్టి, బాంబెరా విని, ఆ తరువాత సోలెయాకు రావడం మేలు. అప్పటికి పన్నెండు మాత్రల లెక్క చేతి వేళ్లకు అలవాటవుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తెనాలి